పేరులేని కొండపువ్వు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి పంపుడని సంపాదకులు కోరిరి. విదేశవాసమును గూర్చి వ్రాయువారు సామాన్యముగా అచ్చటి మేడలను, రైళ్లను, మంచును వర్ణింతురు. మేము ఒక చిన్న మట్టికుండీని గూర్చియు, దానివిషయమున మేము చేసిన తప్పును గూర్చియు వ్రాయదలచితిమి. ఈ పాఠశాలయందే మొక్కల బొమ్మలు గీసి, భాగములకు పేర్లు వ్రాసి, మార్కులు సంపాదించినవారము మేము. పేరు వ్రాయుట యెంత సులభమో, సరియైన పేరు వ్రాయుట యెంత కష్టమో అప్పుడు మాకు తెలియదు.

మేము 2009వ సంవత్సరమున ఉద్యోగము నిమిత్తము స్కాట్లండు దేశమందలి ఎడింబరో పట్టణమునకు పోయి, అయిదేండ్లు అచ్చట నివసించితిమి. మా పొరుగింట ఒక వృద్ధురాలు ఒంటరిగా నుండెడివారు. ఆమె భర్త బడిపంతులుగా పనిచేసి, విశ్రాంతికాలమున కొండమొక్కలను పెంచి, కొన్ని యేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించిరి. ఆయన నాటిన కుండీలు పెరటిగోడ నీడను వరుసగా నుండెడివి. 2011 జూన్ మాసమున ఆమె జారిపడి, తుంటియెముక విరిగి, ఆసుపత్రికి పోవుచు ఆ కుండీలను మాకు అప్పగించిరి. అందొకదానిని చూపి, "ఆయన విత్తి మొలిపించిన ప్రిములాలలో మిగిలినది ఇది యొక్కటే. ఆరిక్యులా అని పిలిచెడివారు. దీనిని మాత్రము భద్రముగా చూడుడు" అని చెప్పిరి. కుండీలో పేరుచీటీ కలదు గాని, దానిమీది సిరావ్రాత ఎండవానలకు మాసి ఒక్క అక్షరమైనను మిగులలేదు. పువ్వులకాలము గడచిపోయెను, ఆకులు మాత్రమే యుండెను.

ప్రిములా లనగా నేమో మన ప్రాంతపు బాలబాలికలకు చెప్పవలసియున్నది. ఇవి నేల నంటి గుండ్రముగా పఱచుకొనిన ఆకులును, ఆకుల నడుమనుండి లేచు కాడపై సామాన్యముగా అయిదేసి రేకుల పువ్వులును గల చిన్న మొక్కలు. వసంతారంభమున ముందుగా పూచుటచేత, మొదటిది యను అర్థముగల లాటిను మాటనుండి వీనికి పేరు వచ్చినది. వీనిలో నాలుగువందలకు పైగా జాతులు కలవు. అందు మిక్కిలి భాగము హిమాలయములందును పడమటి చైనా కొండలందును, కొన్ని ఐరోపాఖండపు ఆల్ప్స్ పర్వతములందును పెరుగును. వసంతమున కుమావూను, గఢ్వాలు కొండలకు పోయిన మనవారు, బంతివలె గుండ్రనైన ఊదాపూగుత్తి గల డెంటిక్యులేటా అను జాతిని చూచియుందురు. మన కృష్ణా గోదావరీ తీరముల వేసవికి మాత్రము ఇవి తాళలేవు.

ఈ కొండమొక్కలను పల్లపునేలలో చంపునది చలి యని మేము తలంచియుంటిమి. అది నిజము కాదు. పర్వతముమీద శీతకాలమంతయు మంచు దుప్పటివలె కప్పియుండగా, దాని క్రింద మొక్క వానతడి లేక నిద్రించును. మంచు కరగిన పిమ్మట నీరు సమృద్ధిగా వచ్చును గాని, రాళ్ల సందులనుండి వెంటనే జారిపోవును. పట్టణమునందో, శీతకాలమంతయు సన్నవాన. మొక్క మొదలు తడిసి కుళ్లిపోవును. కావున మన్ను ఒక పాలు, కుళ్లిన ఆకుల ఎరువు ఒక పాలు, సన్నకంకర రెండు పాళ్లు కలిపి కుండీ నింపి, మొక్క మొదటిచుట్టు రాతిముక్కలు పఱతురు. శీతకాలమున పైన ఒక గాజుపలక నిలిపి, వాన పడకుండ, గాలి తగులునట్లు చూతురు. ఇదంతయు మేము పుస్తకములు చదివి నేర్చుకొంటిమి. మా తప్పును గూడ పుస్తకమునుండియే తెచ్చుకొంటిమి.

ఆరిక్యులా యనగా చిన్నచెవి. దాని ఆకు ఎలుగుబంటి చెవిని పోలియుండునని పూర్వులు అట్లు పిలిచిరి. 1573లో వియన్నా రాజోద్యానమునకు వచ్చిన క్లూసియస్ పండితుడు దానిని పెంచినవారిలో ముఖ్యుడు. 1753లో లిన్నేయస్ దానికి ప్రిములా ఆరిక్యులా అను శాస్త్రనామమును స్థిరపఱచెను. అది ఆల్ప్స్ పర్వతములందు తఱచుగా సున్నపురాతి చఱియలందు పెరుగునని పుస్తకమున నుండెను. మాకు ఇంకేమి కావలెను? సున్నపురాయిని నలుగగొట్టి కుండీలో కలిపితిమి. క్రొత్తచీటీమీద ఆ శాస్త్రనామమును ముత్యములవంటి అక్షరములతో వ్రాసి గ్రుచ్చితిమి. ఆ చీటీని చూచి మేమే మురిసితిమి.

ఆగస్టు వచ్చునప్పటికి లేత ఆకులు పసుపుబాఱినవి. ఈనెలు మాత్రము పచ్చగా నుండెను. ఎరువు చాలలేదేమో యనుకొంటిమి. నీరు ఎక్కువయైనదేమో యనుకొంటిమి. చీటీమీది పేరు తప్పేమో యని మాత్రము అనుకొనలేదు. మఱికొంత సున్నపురాతిపొడి చల్లితిమి. వారము తిరుగకముందే మొక్క నడుమ భాగము మెత్తబడినది.

అప్పుడు భయపడి కుండీని చంక నిడుకొని ఎడింబరో రాజోద్యానమునకు పోయితిమి. ఆ యుద్యానము ప్రిములాలకు ప్రసిద్ధి చెందినది. 1888 మొదలు 1922 వఱకు దాని కధిపతిగా నుండిన బేలీ బాల్ఫర్, జార్జి ఫారెస్టు చైనానుండి పంపిన విత్తనములను అచ్చట మొలిపించి, అనేకములైన క్రొత్త ప్రిములాలకు పేర్లు పెట్టెను. అచ్చటి తోటపనివారిలో నొకడు మా చీటీని చదువనేలేదు. భూతద్దము తీసి, ముందుగా విచ్చుకొనని లేతాకును చూచెను. అంచులు లోపలికి చుట్టుకొనియున్నవి. "ఇది ఐరోపా కొండల గుంపులోనిదే. ఆసియా ప్రిములాలకు తఱచుగా అంచులు వెనుకకు చుట్టుకొనును" అనెను. పిమ్మట భూతద్దమును మా కిచ్చి ఆకు అంచును చూడుమనెను. పొడవైన నూగు కలదు; ఒక్కొక్క వెండ్రుక కొనను చిన్న జిగురుబొట్టు మెఱయుచుండెను. వ్రేలితో తాకగా అంటుకొనెను. ఆరిక్యులాకు సామాన్యముగా నుండు తెల్లని పిండి ఎక్కడను లేదు.

"తోటలు పెంచువారు ఈ గుంపునంతటిని వాడుకగా ఆరిక్యులా లందురు. ఆ పెద్దాయన పలికినది వాడుకమాట. మీరు దానిని శాస్త్రనామముగా వ్రాసితిరి. ఇది హిర్సుటా యను జాతి కావచ్చును. దాని స్థానము సున్నములేని గట్టిరాళ్లు. సున్నము కలిసిన మన్నులో ఇనుమున్నను ఇటువంటి మొక్క దానిని తీసికొనజాలదు. అందుచేతనే ఆకు పాలిపోయినది. అయినను పువ్వు చూడక పేరు నిశ్చయింపరాదు" అని అతడు చెప్పెను.

మొక్క బ్రతుకదని అతడే నిర్ణయించి, ప్రక్కనున్న మూడు పిలకలను కొంచెము కాడతో తుంచి యిచ్చెను. వానిని తడియిసుకలో నాటి, నీడను ఉంచితిమి. ఒకటి కుళ్లిపోయెను. రెండు వేళ్లు తొడిగెను. తల్లిమొక్క సెప్టెంబరులో చచ్చిపోయినది.

విత్తనములు దాచియుంచిన బాగుండెడిదిగదా యని మీరు అడుగవచ్చును. మేమును అట్లే అడిగితిమి. ప్రిములాలలో చాలవానికి రెండువిధముల పువ్వు లుండును. కొన్ని మొక్కల పువ్వులలో కీలాగ్రము గుండుసూది తలవలె గొట్టపు నోటను కనబడును, కేసరములు లోపల నుండును. కొన్నిటిలో కేసరములు పైన, కీలాగ్రము లోపల. ఒకే మొక్కయం దీ రెండును ఉండవు. ఒకవిధపు పువ్వునకు రెండవవిధపు పుప్పొడి చేరినప్పుడే విత్తనము చక్కగా కట్టునని డార్విను 1862లో ప్రకటించెను. ఒంటరిగా మిగిలిన మొక్క ఏటేట పూచినను ఫలింపదు. పంతులుగారి మొక్క నిలుచుటకు ఆ రెండు పిలకలు తప్ప వేఱు మార్గము లేకుండెను.

అక్టోబరులో ఆమె చేతికఱ్ఱతో ఇంటికి వచ్చిరి. చచ్చిన మొక్కకు బదులు అటువంటి మొక్కను కొని పెట్టవచ్చునను దురాలోచన మాకు రాకపోలేదు. ఆమె గుర్తుపట్టకపోవచ్చును. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఉదయమున పోయి, సున్నము సంగతి, చీటీ సంగతి దాపక చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత పిలకలను దగ్గరకు తెప్పించుకొని, "ఆయనయు ఎన్నో చంపిరి. చంపిన ప్రతిదానిని ఒక పుస్తకమున వ్రాసికొనెడివారు. మీరును వ్రాయుడు" అనిరి. ఆ పుస్తకమును తీసి మాచేతి కిచ్చిరి. ఆయన చివరి వ్రాత క్రింద మేము మా తప్పును తేదీతో వ్రాసితిమి. కుండీలకు క్రొత్తచీటీలు పెట్టితిమి. ఈమాఱు సిరాతో గాక పెన్సిలుతో వ్రాసితిమి. పెన్సిలువ్రాత ఎండవానలకు సిరాకంటె ఎక్కువ కాలము నిలుచును. "ప్రిములా, జాతి తెలియదు" అని మాత్రమే వ్రాసితిమి.

2013 ఏప్రిలులో ఒక కుండీ పూచెను. ఆకులకంటె పొట్టియైన కాడపై నాలుగు గులాబివర్ణపు పువ్వులు, ఒక్కొక్కదాని నడుమ తెల్లని కన్ను, పిండి లేదు, జిగురునూగు కలదు. ఆరిక్యులా యైనచో ఆకులను మించిన కాడపై పసుపుపచ్చని పువ్వు లుండవలెను. ఇన్ని గుర్తులు సరిపోయిన పిమ్మట, ఆమె యెదుటనే చీటీమీద హిర్సుటా యని చేర్చితిమి. ఆమె కండ్లద్దములు సవరించుకొని చదివి, కుండీని కిటికీలో పెట్టించుకొనిరి.

బాలబాలికలారా, మీ తోటలో ప్రిములాలు లేవు. గరికయు, తుమ్మియు, నేలవేమును కలవు. గురువులు పేరు అడిగినప్పుడు, ప్రక్కవాని పలకను చూచి వ్రాయకుడు. ఆకు నెత్తి అడుగుభాగము చూడుడు, నూగును తాకుడు, పువ్వు లేకున్న పువ్వు వచ్చువఱకు ఆగుడు. అంతవఱకు తెలియదని వ్రాయుట సిగ్గుపడవలసిన పని కాదు. మేము 2014లో ఆ యూరు విడిచి వచ్చునాటికి ఆ రెండు కుండీలును ఆమె గోడ నీడను పచ్చగా నుండెను.