అతుకు పని

స్కూల్లో భర్తృహరి సుభాషితాల్లో ఒక పద్యం అందరం బట్టీ పట్టాం. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసింది. మనుషులు మూడు రకాలని చెప్పే పద్యం. ఆటంకాలొస్తాయన్న భయంతో అసలు మొదలే పెట్టనివాళ్లు, మొదలుపెట్టి ఆటంకం రాగానే ఆపేసేవాళ్లు, ఎన్ని ఆటంకాలొచ్చినా చివరిదాకా వదలనివాళ్లు. తాత్పర్యం రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, చేతిపని అలవాటయ్యాక నాకు ఆ లెక్కలో ఒక రకం తగ్గిందనిపించింది. ఏ ఆటంకమూ లేకుండా, పని చక్కగా సాగుతుండగానే, ఇంకో పని మొదలుపెట్టేవాళ్లు. వీళ్లని ఏ రకంలో వెయ్యాలి? భయం లేదు, విసుగూ లేదు. వీళ్లకి కొత్త రంగు దారం కనిపించింది, అంతే.

ఈ ఏడాది జనవరి నాటికి మా బీరువా కింది అరలో ఆరు సంచులున్నాయి. ఒకదాంట్లో ఊలు దుప్పటి: 80 చదరాలు కావాలి, 47 అయ్యాయి. ఇంకోదాంట్లో చెల్లి కూతురి స్వెట్టర్, ఒక చెయ్యి అయింది. అమ్మ పాత నూలు చీరలతో బొంత, సగం దాకా కుట్టింది. అద్దాల కుట్టు వేస్తున్న జాకెట్టు. క్రాస్ స్టిచ్ చార్మినార్, మూడు మినార్లు పూర్తి. ఒక సాక్స్. అవును, ఒకటే.

మా అమ్మ దీన్ని ఆరంభశూరత్వం అంటుంది. ఇంగ్లీషులో అల్లికలవాళ్లు కాస్త మర్యాదగా పొట్టిపేర్లు పెట్టుకున్నారు. సాగుతున్న పని డబ్ల్యూఐపీ. ఆగిపోయిన పని యూఎఫ్ఓ, అంటే ఎగిరే పళ్లెం కాదు, పూర్తికాని వస్తువు. ఒక సాక్స్ అల్లాక రెండోది అల్లబుద్ధి కాకపోవడానికి ‘సెకండ్ సాక్ సిండ్రోమ్’ అని జబ్బు పేరే ఉంది. ఇన్ని పేర్లున్నాయంటే, ఈ నాలుగో రకం జనాభా తక్కువేం కాదన్నమాట.

నా వైపు వాదన కూడా వినండి. ఏ పని అయినా అన్ని వేళలా చేసేది కాదు. క్రాస్ స్టిచ్‌కి గళ్లు లెక్కపెట్టాలి, పగటి వెలుతురు కావాలి, పక్కన ఎవరూ మాట్లాడకూడదు. ఊలు చదరం మాత్రం మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే మెట్రోలో, సీటు దొరికితే, చూడకుండా అల్లెయ్యొచ్చు. బొంత ఒళ్లంతా కప్పేస్తుంది, ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో దాన్ని ముట్టుకోలేం. రోజంతా కీబోర్డు మీదున్న మణికట్టుకి రాత్రి కూడా ఒకటే కదలిక ఇస్తే అది మొరాయిస్తుంది. కొక్కెం పక్కన పెట్టి సూది పట్టుకుంటే కాస్త ఊరుకుంటుంది. కాబట్టి రెండు మూడు పనులు చేతిలో ఉండటం చంచలత్వమేం కాదు. వంటింట్లో పప్పు ఉడుకుతుండగా కూర తరుక్కోవడం లాంటిది.

అలాగని ఖర్చు లేదనను. పక్కన పెట్టిన పని ఎక్కడ వదిలామో అక్కడే ఉండదు. మూడు నెలల తర్వాత మళ్లీ అల్లితే చెయ్యి బిగువు మారిపోతుంది. అదే దారం, అదే కొక్కెం, కొత్త వరసలు మాత్రం పాతవాటి కంటే వెడల్పు. ఊలు తక్కువపడి సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్తే అదే నంబరు రంగు దొరుకుతుంది గానీ, అద్దకం విడత వేరు. దుకాణం లైట్లలో తేడా తెలీదు, ఇంటికొచ్చి కిటికీ దగ్గర పెడితే తెలుస్తుంది. గుడ్డకి ఫ్రేమ్ అలాగే వదిలేస్తే గుండ్రటి మడత పడి, ఉతికినా పోదు. సూది గుచ్చి వదిలితే వర్షాకాలం గడిచేసరికి తుప్పు మరక. ఇక పిల్ల విషయం చెప్పక్కర్లేదు. స్వెట్టర్ ఆగినా పిల్ల ఎదగడం ఆగదు.

బుర్రలో కూడా ఇవి చోటు ఆక్రమిస్తాయి. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తిచేసిన పనుల కంటే మధ్యలో ఆపించిన పనులే జనానికి బాగా గుర్తున్నాయని చెప్పింది. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. నా సంగతైతే, పూర్తయిన వాటి రంగులు మర్చిపోయాను. నాలుగో మినార్ మాత్రం కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

ఒకటి ముగించాకే ఇంకోటి అనేది నీతిసూత్రంలాగా వినిపిస్తుంది. పనివాళ్ల దగ్గర చూస్తే అది నీతి కాదు, పనిముట్టు పెట్టే షరతు. మగ్గం మీద ఒక పడుగు ఎక్కిందంటే అది అయ్యేదాకా ఇంకోటి ఎక్కదు. నేతగాడికి మనసు మారినా మగ్గం మారదు. అక్కడ కూడా ముగింపు మనం అనుకున్నంత ముగింపేం కాదు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు అచ్చులోంచి వచ్చిన చివరి పోగుల్ని అలాగే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి కలిపి మెలిపెడతారు. అచ్చు అతకడం అంటారు దాన్ని. వందల పోగులు. పాత పని తోక పట్టుకునే కొత్త పని మగ్గంలోకి వస్తుంది.

శ్రీకాళహస్తి కలంకారీ వేరే కథ. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో గుడ్డని నానబెట్టి, పిండి, ఎండబెట్టాలి. పాలలోని కొవ్వు వల్లే తర్వాత కలంతో గీసిన గీత పక్కకి పాకకుండా నిలబడుతుంది. నల్ల రంగు కోసం తుప్పు పట్టిన ఇనుమునీ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. గీసింది ఆరాలి, పటిక పెట్టాలి, ఉతకాలి, మళ్లీ ఎండాలి, మళ్లీ ఇంకో రంగు. ఒక్క గుడ్డ ముందేసుకుని కూర్చుంటే పనికంటే ఎదురుచూపే ఎక్కువవుతుంది. ఒకటి ఎండుతుంటే ఇంకోదాని మీద గీయడం అక్కడ సహజం. ఎవరూ దాన్ని ఆరంభశూరత్వం అనరు.

ఈ రెంటికీ చెందని మూడో పద్ధతి మా ఇంట్లోనే ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా కనిపించింది.

మా పెద్దమ్మది నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇంటింటి పని అయింది. పెద్దమ్మ పన్నెండో ఏట కొక్కెం పట్టింది, అరవై దాటేదాకా వదల్లేదు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, మళ్లీ వచ్చి పువ్వులు తీసుకెళ్తాడు. కూలీ దారం లెక్కన. మా పెద్దమ్మ పువ్వులే చేసేది. వాటిని కలిపి టేబుల్ గుడ్డగానో దుప్పటిగానో మార్చే అతుకు పని వేరే ఆడవాళ్లది. ఆ పైన ఉతికి, ఇస్త్రీ పెట్టి, ఎగుమతి చేసేది ఇంకొకళ్లు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ లేసు పనివాళ్ల గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు చేస్తున్న ఈ ఆడవాళ్లని అందరూ గృహిణులనే అన్నారనీ, రోజులో అన్నేసి గంటలు చేసే పనిని ఖాళీ టైములో చేసుకునేదిగానే లెక్కేశారనీ అందులో ఉంటుంది. అది చదువుతుంటే నా చేతిలో కొక్కెం ఆగింది. ఖాళీ టైములో చేసుకునేది నేను. అదే దారం, అదే చైను, అదే ముడి. నాకు విసుగొస్తే సంచిలో పెట్టి బీరువాలో తోస్తాను. పెద్దమ్మకి విసుగొస్తే ఆ వారం దారం మిగిలిపోతుంది, డబ్బులు తగ్గుతాయి.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది. నలభై ఎనిమిదేళ్లు లేసు అల్లిన మనిషి ఇంట్లో లేసు గుడ్డ ఒక్కటీ లేదు. టీవీ మీద ప్లాస్టిక్ పూల గుడ్డ ఉంటుంది.

సంక్రాంతికి వెళ్లినప్పుడు అడిగాను.

“నువ్వు చేసింది పూర్తయ్యాక ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా పెద్దమ్మా?”

“ఎక్కడ చూస్తానే? పువ్వు అయిపోతే నా పని అయిపోయినట్టే గదా” అంది. బాధగా ఏం అనలేదు. పప్పు ఉడికిందా అని అడిగితే ఉడికిందన్నట్టు అంది. కాసేపాగి లోపలికెళ్లి బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మరక పడిందనీ, కొలత తేడా వచ్చిందనీ ఏజెంట్లు వెనక్కిచ్చినవి, దారం మిగిలితే చేసుకున్నవి. 126 పువ్వులు. “నీకు అతకడం వచ్చు గదా. తీరినప్పుడు చూడు” అంది.

తీరినప్పుడు అనే మాట దగ్గరే వచ్చింది చిక్కు. పెద్దమ్మకి నీటికాసులు. చుక్కల మందు వాడుతోంది. ఉన్న చూపు నిలబెట్టడమే గానీ పోయింది తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పారు. ఆ జబ్బులో సాధారణంగా పక్క చూపు ముందు పోతుంది. చేతిలో పువ్వు కనిపిస్తుంది, పక్కనున్న కుర్చీ కనిపించదు. ఇంట్లోవాళ్లకి చాలాకాలం తెలియనిది కూడా అందుకే. సన్నటి అల్లిక చేసే మనిషికి చూపు తగ్గిందంటే ఎవరు నమ్ముతారు?

హైదరాబాద్ వచ్చాక డబ్బాని బీరువా ముందు పెట్టుకుని కూర్చున్నాను. వరసలో పెడితే అది ఏడోది. ముందు మొదలుపెట్టింది ముందు ముగించాలనే లెక్కన చూస్తే ఆరు సంచుల తర్వాతే దాని వంతు. నాకు ఏది చేయాలనిపిస్తే అది అనే లెక్కన చూస్తే, తెల్ల దారం మీద తెల్ల దారంతో ముడులెయ్యడం అంత ఊరించే పనేం కాదు. అన్నిటినీ తలా కాస్త ముందుకి జరపడం నాకు బాగా వచ్చిన విద్య. ఆ విద్యతో వెళ్తే ఇది అయ్యేసరికి రెండేళ్లు. నాకు రెండేళ్లు పెద్ద లెక్కేం కాదు. ఆవిడ కళ్లకి పెద్ద లెక్క.

చిరిగినవీ మరీ పసుపెక్కినవీ ఆరు తీసేస్తే 120. పన్నెండేసి పువ్వుల వరసలు పది. ఒక్కో పువ్వు సుమారు మూడు అంగుళాలు, టీపాయ్ మీదికి సరిపోతుంది. సుమారు అని ఎందుకంటున్నానంటే, పక్కపక్కన పరిచాక తెలిసింది. పాత పువ్వులు నాణేలు పోసినట్టు ఒక్క కొలతలో ఉన్నాయి, రేకులు బిగువుగా. తర్వాతవి కాస్త పెద్దవి, కాస్త వదులు. చివరివాటిలో ఒక్కోచోట ఒక చైను ఎక్కువ, ఒక్కోచోట తక్కువ. ఏది ఏ వయసులో చేసిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దవీ చిన్నవీ కలిపి, ఎక్కడ లాగుతుందో చూసుకుంటూ, మధ్యలో చైను కుట్లు ఎక్కువ తక్కువలు చేసి సర్దాను. అతుకు పని అంటే ఏదో చివర్లో కలిపి కుట్టడమే అనుకుంటాం. వేరువేరు రోజుల చేతి బిగువుల్ని ఒక గుడ్డలో రాజీ చెయ్యడం అది.

రాత్రికి మూడు పువ్వులు. 40 రాత్రులు పట్టింది, మధ్యలో ఆఫీసు పనికి పోయినవి కాక. మిగతా సంచుల్లో అయిదింటిని ముట్టుకోలేదు. ఊలు చదరాల్ని మాత్రం మెట్రోకి తీసుకెళ్లాను, తెల్ల లేసు బయటికి తీస్తే మురికవుతుందని. అంటే ఒకటే పట్టుకుని కూర్చున్నానని కూడా చెప్పలేను. ఒకటి ముందు, ఇంకోటి దారిలో.

ఉగాదికి తీసుకెళ్లి మంచం మీద పరిచాను. పెద్దమ్మకి మొత్తం ఒక్కసారిగా కనిపించలేదు. తల ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పుతూ చూసింది, మళ్లీ వెనక్కి. తర్వాత చేత్తో అంచు వెంబడి తడుముకుంటూ వెళ్లింది. నేను ఏదో మాట కోసం ఎదురుచూస్తున్నాను. మూడో మూల దగ్గర వేలు ఆగింది. “ఇక్కడ వదులుగా ఉంది. విప్పి మళ్లీ వెయ్యి” అంది. విప్పి, మళ్లీ వేశాను. పక్కనే కూర్చుని చూసింది. ఇప్పుడు ప్లాస్టిక్ గుడ్డ తీసేసి టీవీ మీద అదే వేశారు, స్క్రీన్‌కి అడ్డం పడుతోందని పెదనాన్న గొణుగుతున్నాడట.

ఆరు సంచులూ ఇంకా ఉన్నాయి. వాటిని చూసే పద్ధతి మాత్రం కాస్త మారింది. ఎన్ని ఉన్నాయని ఇప్పుడు లెక్కపెట్టడం లేదు, ఏది ఎవరి కోసం ఆగిందని చూస్తున్నాను. బొంతకి వచ్చే చలికాలం దాకా టైముంది. 1591లో కట్టిన చార్మినార్‌ని ఇంకో ఏడాది మూడు మినార్లతో ఉంచినా దానికి వచ్చే నష్టం లేదు. ప్రతి సంచిలో ఒక చీటీ పెట్టాను: ఎన్నో వరసలో ఉన్నాను, ఏ నంబరు కొక్కెం, దారం ఏ విడతది. సూదులూ ఫ్రేములూ తీసి విడిగా పెట్టాను.

స్వెట్టర్ సంచి మాత్రం పైకి తీశాను. కొలతలు పంపమని చెల్లికి మెసేజ్ పెడితే, పిల్ల రెండు అంగుళాలు పెరిగిందని చెప్పింది. అయిన చెయ్యి పొడుగు చాలదు, కింద ఇంకో పది వరసలు వెయ్యాలి. పాత ఊలు విడత దొరకదు కాబట్టి రెండు చేతులకీ అంచు వేరే రంగులో వేస్తున్నాను.