పడుకుని దాటే పసిఫిక్: మైలవరానికి యాత్రా లేఖలు

మొదటి లేఖ
శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం

పూజ్యులైన బాబాయిగారికి, పిన్నిగారికి,

దూరప్రయాణ విమానాల్లో నేడు ‘బిజినెస్ తరగతి’ అని వ్యవహరించే ఏర్పాటు 1970ల చివరి సంవత్సరాల్లో పుట్టింది. పూర్తి ఛార్జీ చెల్లించి వ్యాపార పనుల మీద తిరిగేవారిని, రాయితీ టికెట్లతో విహారానికి వెళ్లేవారి నుంచి వేరుగా కూర్చోబెట్టడమే అప్పటి ఉద్దేశం కాగా, సీటు కొంచెం వెడల్పుగా, భోజనం కొంచెం మెరుగ్గా ఉండడం మినహా అందులో పెద్ద విశేషం ఉండేది కాదు. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఆ తరగతిలో ‘లై-ఫ్లాట్’ సీటును, అంటే వెన్ను మొదలు పాదాల వరకు బల్లపరుపుగా చాపుకునే పడకను ప్రవేశపెట్టిన తర్వాతే దాని అర్థం మారింది. అప్పటి నుంచి ఈ టికెట్టు అమ్మేది హోదాను కాదు, నిద్రను.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి సింగపూర్‌కు సుమారు 13,600 కిలోమీటర్లు. 2016 అక్టోబరు నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ350 విమానాలతో ఈ దూరాన్ని ఎక్కడా ఆగకుండా దాటిస్తోంది. అందుకు పదహారు, పదిహేడు గంటలు పడుతుంది. పిల్లల దగ్గరకు, ముఖ్యంగా కూతుళ్ల కాన్పులకు, అమెరికా వెళ్లివచ్చే ఉమ్మడి కృష్ణా జిల్లా తల్లిదండ్రుల్లో చాలామంది దుబాయ్, దోహా మీదుగానే ప్రయాణిస్తున్నా, పడమటి తీరంలో పిల్లలున్నవారికి పసిఫిక్ దారి కూడా అనువైనదే. ఏ దారిన వెళ్లినా బిజినెస్ తరగతి ఛార్జీ సాధారణ తరగతికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది కనుక, పెద్దలు ఆ మాట వినగానే ‘దండగ’ అని కొట్టిపారేయడం సహజమే. ఆ మాటలో ఎంత నిజముందో తేల్చి చెప్పడానికే ఈ లేఖలు.

రెండవ లేఖ
విమానంలో, పసిఫిక్ సముద్రం మీద

ఈ ఏ350 విమానంలో సాధారణ తరగతిలో వరుసకు తొమ్మిదిమంది కూర్చుంటే, బిజినెస్ తరగతిలో నలుగురే కూర్చుంటారు. ఒక్కొక్కరికీ నడవాలోకి సొంత దారి ఉన్నందువల్ల, నడిరాత్రి లేవవలసివచ్చిన పెద్దవారు నిద్రపోతున్న పక్కవారి మోకాళ్లు దాటుకుంటూ వెళ్లనక్కరలేదు. ‘పిచ్’ అనేది ఒక సీటు నుంచి ముందు సీటులో అదే చోటికి ఉన్న దూరం. సాధారణ తరగతిలో అది 32 అంగుళాలు మాత్రమే కనుక, ముందున్నవారు సీటు వెనక్కి వాల్చితే మోకాలు కదిలించే చోటు కూడా మిగలదు.

పడకను సిద్ధం చేసే తీరు కొత్తవారికి తెలియదు. ఈ విమానంలోని సీటు మీట నొక్కగానే వెనక్కి వాలి పడక కాదు. ప్రయాణికులు లేచి నిలబడి, వీపు ఆనించే పలకను ముందుకు మడిచి దించితే, దాని వెనుకవైపు పరుపుగా బయటపడుతుంది. పాదాలు పెట్టుకునే గూడు ఒక మూలకు ఉండడం వల్ల కొంచెం ఏటవాలుగా పడుకోవాలి. చేతుల్లో బలం తగ్గినవారు మొహమాటపడకుండా సిబ్బందిని పిలిస్తే వారే పరుపు దించి, దుప్పటి పరిచి ఇస్తారు.

ఇంత ఖర్చుపెట్టినా మారనివి కూడా ఉన్నాయి. ఏ350 లోపల గాలి ఒత్తిడి సుమారు ఆరువేల అడుగుల ఎత్తులో, అంటే తిరుమల కొండకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉండేటంత ఉంటుంది. గాలిలో తేమ బాగా తక్కువ. ఈ రెండూ ముందు కూర్చున్నవారికీ వెనుక కూర్చున్నవారికీ ఒకటే కనుక, నోరు ఎండకుండా నీళ్లు తాగుతూ ఉండడం అందరికీ అవసరమే. కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ‘డీప్ వెయిన్ థ్రాంబోసిస్’ అనే జబ్బును ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అనడం వాడుకలో ఉన్నా, ఆ పేరు పూర్తిగా సరైనది కాదు. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణంలోనైనా, అది విమానమైనా, రైలైనా, బస్సయినా, కదలకుండా కూర్చుంటే ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని, అయినప్పటికీ అది సుమారు ఆరువేలమందిలో ఒకరికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. పడక దొరికింది కదా అని పదిగంటలు కదలకుండా పడుకుంటే లాభం లేదు. మధ్యలో లేచి నాలుగడుగులు వేయడం, పడుకున్నచోటే మడమలు ఆడించడం తప్పనిసరి. అయితే వాచిన కాళ్లను గుండెతో సమానమైన ఎత్తులో చాపుకునే వీలు సాధారణ తరగతిలో లేదు. వయసు మళ్లినవారికి ఈ టికెట్టు చేసే అసలైన మేలు అదే.

ఇక రోజుల లెక్క ఒకటి చెప్పుకోవాలి. పసిఫిక్ నడుమ అంతర్జాతీయ దినరేఖ ఉంది. పడమటి వైపు వెళ్తూ దాన్ని దాటిన క్షణంలో తేదీ ఒకరోజు ముందుకు జరుగుతుంది. శుక్రవారం రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన విమానం ఆదివారం ఉదయం సింగపూర్‌లో దిగుతుంది. దారి దాదాపు అంతా చీకటే కనుక ఆ శనివారానికి సూర్యోదయం ఉండదు. శనివారం ఒక్కపొద్దు ఉండే పిన్నిగారి వంటివారు దీనికి దిగులుపడనక్కరలేదు గానీ, బీపీ, షుగరు మాత్రలను మాత్రం తేదీని బట్టి కాక, గడిచిన గంటలను బట్టి వేసుకోవాలి. శాకాహార భోజనాన్ని ఏ తరగతిలోనైనా ముందే చెప్పి పెట్టుకోవచ్చు.

మూడవ లేఖ
సింగపూర్, చాంగి విమానాశ్రయం

సముద్రం మీద తరగతుల భేదం తెలుగువారికి కొత్త కాదు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఆవిరి ఓడల్లో రంగం (రంగూన్) వెళ్లిన కూలీలు ‘డెక్’ ప్రయాణికులుగా, అంటే గది లేకుండా ఓడ పైభాగం మీదే పడుకుని, బంగాళాఖాతాన్ని దాటారు. గదులు డబ్బున్నవారివి. మలయా, సింగపూర్‌లకు చేరిన తెలుగువారి చరిత్ర కూడా అలాంటి ఓడలతోనే ముడిపడి ఉంది. ఈ నగరంలో 1975లోనే తెలుగు సమాజం ఏర్పడింది. 2018 డిసెంబరులో గన్నవరం (విజయవాడ) విమానాశ్రయం నుంచి ఇక్కడికి తొలిసారి నేరుగా విమానం నడిచినా, అప్పట్లో అది కొన్ని నెలలకే నిలిచిపోయింది.

సింగపూర్ నుంచి హైదరాబాదుకు నాలుగు గంటలు దాటిన ప్రయాణం. అక్కడి నుంచి గన్నవరం గంటసేపు. ఆ తర్వాత ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జి.కొండూరు మీదుగా మైలవరం. ఈ ముక్కలకు బిజినెస్ టికెట్టు నిజంగానే దండగ. పొడుగు దూరానికి ఒక తరగతి, పొట్టి దూరానికి మరో తరగతి కలిపి ఒకే టికెట్టుగా కొనే వీలుంది. పిల్లలు క్రెడిట్ కార్డుల మీద, పాత ప్రయాణాల మీద కూడబెట్టిన ‘మైళ్లు’, అంటే టికెట్ల కింద మార్చుకోదగిన పాయింట్లు, ఖర్చుపెట్టడానికి ఇంతకన్నా మంచి సందర్భం లేదు. భారతదేశంలో బిజినెస్ టికెట్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతానికి పెరిగిన సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి. నడవలేనివారికి ఎంతో ఆసరా అయిన వీల్‌చెయిర్ సాయం ఏ తరగతివారికైనా ఉచితమే. దాని కోసం ఖరీదైన టికెట్టు కొననక్కరలేదు, ముందే అడిగి పెట్టుకుంటే చాలు.

కాబట్టి, అమెరికాలో ఉన్న మీ అమ్మాయి మీకు కొంటానన్న బిజినెస్ టికెట్టును తోసిపుచ్చకుండా, పొడుగు దూరానికి మాత్రమే తీసుకోమని చెప్పి, పిన్నిగారి మోకాళ్ల సంగతి, మందుల వేళల సంగతి బయలుదేరక ముందే డాక్టరుగారిని అడిగి తెలుసుకోవలసిందిగా ప్రార్థన.