బొగ్గు బావుల నడుమ ఒక బజారు: మంచిర్యాల

కాజీపేట నుండి బల్లార్షా వైపు వెళ్లే రైలు గోదావరి వంతెన దాటిన తరువాత వచ్చే పెద్ద స్టేషను మంచిర్యాల. ఢిల్లీకి పోయేవారు చాలామంది కిటికీలో నుండి ఒకసారి చూసి, బొగ్గు ఊరు అనుకొని సాగిపోతారు. మేము ఈ మధ్య అక్కడ దిగి, రెండు దినాలు కాలినడకన ఆ పట్టణమును చూశాము. అక్కడ కోటగుమ్మాలు, రాజమందిరాలు లేవు. అయినా ఒక ప్రశ్న మమ్మును వెంటాడినది. నేల క్రింది బొగ్గును నమ్ముకొని పెరిగిన బజారు, ఆ బొగ్గు తరిగిపోయే దినాలలో ఎలా నిలుస్తుంది?

నైజాము కాలములో ఈ చుట్టుప్రక్కల పెద్ద ఊరు లక్షెట్టిపేట. తాలూకా కచ్చేరి అక్కడే ఉండేది. మంచిర్యాల ఆ తాలూకాలో గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఊరు. దాని దశను మార్చినది రైలు. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ పట్టాలు కలిసినవి. దానితో మద్రాసుకు, ఢిల్లీకి ఈ దారిన సూటిగా రైలు నడిచినది. అదే కాలములో, 1920ల చివర, ఉత్తరాన బెల్లంపల్లిలో బొగ్గు త్రవ్వకము మొదలైనది.

ఆ బొగ్గు కంపెనీ కథ మరికొంత పాతది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నాడు. అక్కడి సింగరేణి గ్రామము పేరే 1920లో కంపెనీకి పేరైనది. తరువాతి కాలములో మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్‌లలో బావులు వెలిశాయి. 1960 ప్రాంతములో నది అవతల గోదావరిఖని లేచినది. కంపెనీ తన కార్మికులకు బావుల దగ్గర క్వార్టర్లు కట్టించినది. కాని పెండ్లి బట్టలకు, బంగారమునకు, పెద్ద సరుకులకు వారు వచ్చినది మంచిర్యాలకే. బావి ఒకచోట, బజారు ఒకచోట. ఇదే ఈ పట్టణము పుట్టుక రహస్యము.

స్టేషను నుండి బయలుదేరితే వీధుల పేర్లే చరిత్ర చెబుతాయి. ఐబి చౌరస్తా అంటే ప్రయాణములో ఉన్న సర్కారు అధికారులు బస చేసే ఇన్‌స్పెక్షను బంగళా ఉన్న కూడలి. లక్ష్మీ టాకీస్ చౌరస్తాకు సినిమా హాలు పేరు నిలిచినది. హమాలీవాడ బస్తాలు మోసిన వారి పేట. బజారును నిలబెట్టినది షావుకార్లు మాత్రమే కాదు, ఈ భుజాలు కూడా అని ఆ ఒక్క పేరు గుర్తు చేస్తుంది. 1950లలో వచ్చిన సిమెంటు ఫ్యాక్టరీని ఏసీసీ కంపెనీ 2006లో మరొకరికి అమ్మివేసినది. అయినా జనము ఆ ప్రాంతమును ఇప్పటికీ ఏసీసీ అనే అంటారు.

బజారులో వర్తకులను అడిగితే, వారి లెక్క పంచాంగముతో కాదు, సింగరేణితో నడుస్తుందని చెప్పారు. నెల జీతము పడిన వారములో రద్దీ. దసరా ముందు కంపెనీ లాభాలలో కార్మికుల వాటా, దీపావళి ముందు బోనస్ వస్తే అప్పులు తీరుతాయి, కొత్త బట్టలు వస్తాయి. చుట్టుప్రక్కల పల్లెల నుండి పత్తి, వడ్లు పండించే రైతులు కూడా ఈ దుకాణాలకే వస్తారు. బావిలో దిగినవాని చెమట, పొలములో దిగినవాని చెమట ఒకే గల్లా పెట్టెలో కలుస్తున్నవి.

పట్టణమునకు దక్షిణాన గోదావరి ఉన్నది. తల్లి వంటి నదియే గాని, కోపము వస్తే ఆగదు. 2022 జూలై వరదలో పల్లపు కాలనీలలోకి నీళ్లు చొచ్చుకు వచ్చినవి. నదికి దగ్గరగా ఉన్న మాతా శిశు ఆసుపత్రి నుండి బాలింతలను, పసిబిడ్డలను వేరే చోటికి తరలించవలసి వచ్చినది. ఎగువన ఎల్లంపల్లి దగ్గర కట్టిన శ్రీపాద ప్రాజెక్టులో సుమారు 20 టీఎంసీల నీరు నిలుస్తుంది. హైదరాబాదు నగరము కూడా ఆ నీరు త్రాగుతున్నది. అందుకోసము కర్ణమామిడి, పడ్తనపల్లి వంటి ఊళ్లు మునిగినవి. కుళాయి తిప్పే ప్రతి ఇల్లు ఆ ఊళ్లను ఒకసారి తలచుకోవడము న్యాయము.

సమయమున్నవారు మందమర్రి మండలములో బొక్కలగుట్ట దగ్గరి గాంధారి ఖిల్లాకు వెళ్లవచ్చును. ఇసుకరాతి గుట్టపై ఉన్న పాత కోట అది. మాఘమాసములో నాయకపోడు గిరిజనులు అక్కడ జాతర చేస్తారు. ఈ నేల క్రింది బొగ్గు కోట్ల సంవత్సరాల క్రిందటి అడవుల నుండి ఏర్పడినది. ఆ రాతి పొరలను ప్రపంచ శాస్త్రజ్ఞులు గోండ్వానా అంటారు. అది గోండుల దేశము పేరు. మన అడవి బిడ్డల పేరు ప్రపంచపు పుస్తకాలలో ఉన్నదని మన పిల్లలకు చెప్పాలి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. 1990 ప్రాంతములో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేశారు. ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల ప్రాంతమునకు దిగినది. భూగర్భ బావులు తగ్గి, యంత్రాలతో త్రవ్వే ఓపెన్ కాస్టులు పెరిగినవి. బొగ్గు ఎక్కువ వస్తున్నది గాని చేతులు తక్కువ చాలు. తండ్రి ఉద్యోగము కొడుకుకు వస్తుందనే ఆశతో చదువు మానుకొని కూర్చున్న యువకులు ఉన్నారని పెద్దలు బాధతో చెప్పారు.

ఇంగ్లండులో బార్న్‌స్లీ అనే పట్టణము ఉన్నది. 1249లో మూడవ హెన్రీ రాజు అక్కడ సంత జరుపుకొనుటకు అనుమతి ఇచ్చాడు. తరువాత ఆ చుట్టూ బొగ్గు గనులు వచ్చినవి, వేలమంది బ్రతికారు. 1984-85లో గనుల మూసివేతపై కార్మికులు సుమారు ఒక సంవత్సరము సమ్మె చేసి ఓడిపోయారు. తరువాతి పదేండ్లలో అక్కడి గనులన్నీ మూతపడినవి. ఎన్నో కుటుంబాలు పని లేక నలిగిపోయినవి. కాని బొగ్గుకంటే ముందు పుట్టిన సంత, బొగ్గు పోయిన తరువాత కూడా నిలిచినది.

మంచిర్యాలకు అంత పాత సంత ఆధారము లేదు. కాని సమయము ఉన్నది. 2016 అక్టోబరు 11న ఇది జిల్లా కేంద్రమైనది. 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనది. 2025లో నగరపాలక సంస్థ అయినది. బొగ్గు కాని అన్నము కొంత ఇప్పటికే ఈ ఊరిలో ఉడుకుతున్నది. బావి గని డబ్బు వచ్చే ఇండ్లలో ఆ డబ్బు విందులకు, వడ్డీలకు పోక, ఆడపిల్లల చదువుకు, మగపిల్లల చేతిపనికి మళ్లితే, చివరి బావి మూసిన దినాన కూడా బజారులో దీపాలు వెలుగుతాయి. ఆ పని సర్కారు ఒక్కటే చేయలేదు, కంపెనీ ఒక్కటే చేయలేదు. ప్రతి ఇంట్లో జీతము చేతికి వచ్చిన రాత్రి భార్యాభర్తలు కూర్చొని మాట్లాడుకోవలసిన మాట అది.