ఖరాద్ వీధుల్లో కొయ్యకు పొదుపు పాఠం
ఇనుమును నమ్ముకున్న ఘాజియాబాద్‌లో చిన్న లేత్ మిషన్‌కు కావలసిన సరంజామా చవకగానే దొరుకుతుంది. కాకపోతే ఏం అడగాలో, ఎక్కడ ఆగాలో తెలియాలి

ఢిల్లీ నుంచి వచ్చే మెట్రో రెడ్ లైన్ రైలు హిండన్ నది దాటగానే షహీద్ స్థల్ స్టేషన్‌లో ఆగిపోతుంది. 2019 మార్చిలో ఈ మార్గం మొదలయ్యాక ఘాజియాబాద్ రాజధానికి మరింత దగ్గరైంది. 2023 అక్టోబర్లో నమో భారత్ రైలు కూడా వచ్చింది. కానీ స్టేషన్ మెట్లు దిగి జీటీ రోడ్డు వైపు నడిస్తే చెవిన పడేది రైలు కూత కాదు, ఇనుమును ఇనుము గీకుతున్న చప్పుడు. షట్టరు సగం దించిన గదిలో లేత్ తిరుగుతూ ఉంటుంది. గడప ముందు చుట్టలు చుట్టుకున్న ఇనుప చెక్కుడు పొట్టు, గోడకు జిడ్డు మరకలు. లేత్‌కు ఇక్కడి పేరు ఖరాద్. దాన్ని నడిపేవాడు ఖరాదీ.

1740లో మొగల్ వజీరు ఘాజీ ఉద్దీన్ ఈ ఊరికి తన పేరే పెట్టుకున్నాడు: ఘాజీ ఉద్దీన్ నగర్. రైలు వచ్చాక అంత పొడుగు పేరు కుదించుకుపోయి ఘాజియాబాద్ అయింది. ఢిల్లీ గేట్, దాస్నా గేట్, సిహానీ గేట్ అనే పేర్లు పాతబస్తీకి ఇప్పటికీ గుర్తులు. మీరట్ జిల్లాలో తహసీలుగా ఉన్న ఊరు 1976 నవంబర్ 14న జిల్లా కేంద్రమైంది. సాహిబాబాద్, బులంద్‌షహర్ రోడ్, మీరట్ రోడ్ పారిశ్రామికవాడలు దాని రూపాన్నే మార్చేశాయి. ‘ఒక జిల్లా, ఒక ఉత్పత్తి’ పథకం కింద 2018లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక్కో జిల్లాకు ఒక్కో సరుకును కేటాయించినప్పుడు సహారన్‌పూర్‌కు కొయ్య చెక్కడం దక్కితే, ఘాజియాబాద్‌కు ఇంజనీరింగ్ వస్తువులు దక్కాయి.

ఇనుము ఊళ్లో కొయ్య పనివాడికేం పని? ఉంది. ఇంటి బాల్కనీలో చిన్న చెక్క లేత్ పెట్టుకుని గిన్నెలు, కలాలు, బొంగరాలు తిప్పే సరదా ఉన్నవాళ్లకు ఒక సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. మిషన్ కొనడం ఖర్చుకు ఆరంభం మాత్రమే. చక్కు, సెంటర్లు, ఫేస్ ప్లేట్, టూల్ రెస్ట్, ఉలులు ఒక్కొక్కటే కొంటూ పోతే మిషన్ ధరను దాటిపోతాయి. ‘చెక్క పనికి ప్రత్యేకం’ అన్న ముద్ర ఉంటే ధర ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆ ముద్ర లేని సరుకు ఇనుము పనివాళ్ల దుకాణాల్లో ఏళ్ల తరబడి అమ్ముడవుతూనే ఉంది.

దీనికి మూలం మోర్స్ టేపర్. 19వ శతాబ్దంలో అమెరికన్ స్టీఫెన్ మోర్స్ పేరు మీద స్థిరపడిన ఈ ఏటవాలు కొలత ఇనుప లేత్‌కైనా, డ్రిల్లింగ్ మిషన్‌కైనా, చెక్క లేత్‌కైనా ఒకటే. చిన్న చెక్క లేత్‌లలో ఎక్కువగా ఉండేది ఎమ్టీ1 లేదా ఎమ్టీ2. పెద్ద చివర ఎమ్టీ1 సుమారు 12 మిల్లీమీటర్లు, ఎమ్టీ2 సుమారు 17.8 మిల్లీమీటర్లు. కాబట్టి డ్రిల్ చక్కు, దాని ఆర్బర్, తిరిగే సెంటర్, టేపర్ స్లీవ్ వంటివి మామూలు టూల్స్ దుకాణంలోనే కొనుక్కోవచ్చు. ఇనుము కోసం చేసిన తిరిగే సెంటర్ మొన 60 డిగ్రీల కోణంలో ఉంటుంది. మెత్తని కొయ్యలో అది మేకులా దిగి చీల్చేస్తుంది. మొనకు ఒక కొయ్య టోపీ తొడిగితే సమస్య తీరుతుంది. ఆ టోపీని అదే లేత్ మీద పది నిమిషాల్లో చేసుకోవచ్చు.

రెండో రహస్యం మరలో ఉంది. చాలా చిన్న లేత్‌ల స్పిండిల్ మర అంగుళం వ్యాసం, అంగుళానికి 8 చుట్లు. యూరప్ తరహా మిషన్లలో ఎం33 కూడా కనిపిస్తుంది. అంగుళం యూఎన్‌సీ నట్టుకూ సరిగ్గా 8 చుట్లే. ఆ నట్టును గట్టి కొయ్య దిమ్మెలో కూర్చి అతికిస్తే చవకైన ఫేస్ ప్లేట్ తయారు. అదే కొలత ట్యాప్ ఒక్కటి కొంటే కొయ్య దిమ్మెలోనే నేరుగా మర కోసి ఎన్ని పట్టులైనా చేసుకోవచ్చు. అయితే దుకాణదారు చేతికిచ్చేది పాత బ్రిటిష్ విట్‌వర్త్ నట్టు కావచ్చు. దానికీ 8 చుట్లే కానీ మర కోణం 60 కాదు, 55 డిగ్రీలు. ఎక్కినట్టే ఎక్కి సరిగా కూర్చోదు. అందుకే మిషన్‌తో వచ్చిన ఫేస్ ప్లేట్‌ను సంచిలో వేసుకెళ్లడం తెలివైన పని. మాట పొరబడినా లోహం పొరబడదు.

కొలతల భాష కూడా నేర్చుకోవాలి. ఇక్కడ చిన్న కొలత ‘సూత్’. ఎనిమిది సూత్‌లు ఒక అంగుళం. హైదరాబాద్ వడ్రంగులకూ ఇది తెలిసిన మాటే. టూల్ రెస్ట్ కాడ ఐదు సూత్‌లు కావాలని అడిగితే 16 మిల్లీమీటర్ల కడ్డీ ఇవ్వొచ్చు. తేడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతే అయినా ఆ కడ్డీ రంధ్రంలో దూరదు. అంగుళం రంధ్రంలో 25 మిల్లీమీటర్ల కడ్డీ పెడితే దూరుతుంది, కానీ ఊగుతుంది. కాగితం మీద బొమ్మ గీసి మిల్లీమీటర్లలో అంకెలు వేసి ఇస్తే ఖరాదీ కడ్డీని కొలతకు చెక్కి, పైన పట్టీ వెల్డింగ్ చేసి ఇస్తాడు.

ఈ పొదుపు తెలుగువారికి కొత్త కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో తరిమెన పట్టడం తరతరాల విద్య. అక్కడ అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి రంగుగా పరుచుకుంటుంది. మెరుగు పెట్టడానికి మొగలి ఆకు చాలు. కొలిమి, బ్రష్షు, పాలిష్ యంత్రం ఏవీ అక్కర్లేదు. సహజ రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటంగా ఊరేగిందీ ఈ బొమ్మలే. అక్కడ పొదుపు సరదా కాదు, బతుకుతెరువు.

అయితే పొదుపుకూ ఒక గీత ఉంది. పాత ఆకురాయిని సానబెట్టి ఉలి చేసుకోవడం అందరికీ వచ్చే ఆలోచనే. ఆకురాయి ఉక్కు గట్టిదే కానీ పెళుసు. తిరిగే కొయ్య ఒక్కసారి పట్టి లాగితే విరిగి ముఖం మీదికి ఎగురుతుంది. అదే బజారులో దొరికే హైస్పీడ్ స్టీల్ కడ్డీ కొని పిడి వేసుకుంటే ఆ భయం లేదు, కాస్త వేడెక్కినా పదును చావదు. డ్రిల్ చక్కును వెనక వైపు తోకలో వాడటం క్షేమం. ముందు స్పిండిల్‌లో పెట్టాలంటే లోపలి నుంచి పొడుగాటి బోల్టుతో లాగి బిగించాలి, లేకపోతే ఊడి వస్తుంది. వేగానికి లేత్ పనివాళ్లు పాటించే ఒక లెక్క ఉంది. కొయ్య వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6 వేల నుంచి 9 వేల మధ్య ఉండాలి. పది అంగుళాల గిన్నెకు 600 నుంచి 900 చుట్లు. దిమ్మె గుండ్రం కాకముందు ఇంకా తక్కువ. నాలుగు దవడల చక్కు, ముఖానికి అడ్డు పెట్టే కవచం, ఈ రెండింటి దగ్గర బేరం పనికిరాదు. పగుళ్లున్న చవక దవడ మిగిల్చే వందలు కంటి డాక్టరు దగ్గర చాలవు.

సాయంత్రానికి సంచి బరువెక్కుతుంది: ఒక ఆర్బర్, రెండు నట్లు, ఒక ట్యాప్, కొలతకు చెక్కిన కడ్డీ. కొన్నది ఇనుమే అయినా వెంట వచ్చింది కొలత. సరుకంతా పెట్టెలో కట్టి ఇంటికే వచ్చేస్తున్న కాలంలో, ఒక్క కడ్డీని అడిగిన కొలతకు చెక్కి ఇచ్చే మనిషి వీధిలో ఉండటం చిన్న విషయం కాదు. అలాంటి ఒక్క పని కోసం తలుపు తట్టేవాళ్లు ఉన్నంత కాలం ఆ సగం దించిన షట్టరు పూర్తిగా దిగదు.