పుప్పొడీ, పాత ఫోటోలూ

జూన్ వచ్చిందంటే కార్డిఫ్‌లో మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది తుమ్ముతూనే వస్తారు. అంతా గడ్డి పుప్పొడి చలవ! మందు రాసిచ్చి పంపడమే తప్ప ఆ పుప్పొడికి వేరే చరిత్ర ఉందని గుంటూరులో చదివినన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదు. పాలినాలజీ అన్న పేరు 1944లో పుట్టింది ఈ ఊరివాళ్ల చేతనే. మ్యూజియంలో వృక్షశాస్త్రవేత్త హైడ్, ఆస్తమా రోగులను చూసే డాక్టర్ విలియమ్స్ కలిసి పెట్టిన పేరది. మన వృత్తివాడొకడు అందులో ఉన్నందుకు మాకు కాస్త గర్వంగానే ఉంది.

పుప్పొడి రేణువు పైపెంకు మహా గట్టిది. గాలి తగలని బురదలో వేల ఏళ్లు చెడకుండా ఉంటుంది. ఆ మట్టిని ఘాటైన యాసిడ్లలో వేస్తే మట్టి పోయి రేణువు మిగులుతుంది. ఏ పొరలో ఏ మొక్కది ఎంత ఉందో మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. 1916లో స్వీడన్‌వాడు ఫాన్ పోస్ట్ చూపించిన దారి ఇది. డెన్మార్కులో ఐవర్సెన్ 1941లో, దేశం జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో, చెట్ల పుప్పొడి తగ్గి కలుపుమొక్కలదీ ధాన్యానిదీ పెరిగిన పొర చూపించి, తొలి రైతులు అడవి కొట్టింది ఇక్కడేనన్నాడు.

అదే యుద్ధంలో విమానాల్లోంచి లక్షల ఫోటోలు తీశారు. వాటిని చదవడానికి పురాతత్త్వవేత్తలను పట్టుకొచ్చారు. గట్టునీ గుంటనీ నీడనిబట్టి పోల్చడం వాళ్లకు అలవాటు కదా! ఈ వేల్స్ మనిషే గ్లిన్ డేనియల్, 1942 నుంచి యుద్ధం అయ్యేదాకా ఢిల్లీలో కూర్చుని ఆ పని నడిపించాడు. స్టూవర్ట్ పిగట్ కూడా అదే పనిమీద ఇండియా వచ్చి, 1950లో మన ప్రాచీన చరిత్రమీద పుస్తకమే వేశాడు. ఇటలీలో ఫోజా మైదానం ఫోటోల్లో పంట రంగు తేడానిబట్టి బ్రాడ్‌ఫర్డ్ రాతియుగపు పల్లెల కందకాలు పట్టుకున్నాడు. బాంబులు వెయ్యడానికి తీసిన ఫోటోలు ఇలా పనికొచ్చాయి! అలాంటివెన్నో ఇప్పుడు ఎడింబరోలో భద్రంగా ఉన్నాయి. ఎప్పుడు తీశారో, ఎక్కడ తీశారో రాసుంచారు గనుకే వాటికా విలువ.

మా ఇంటి సేకరణ బిస్కెట్ల డబ్బాలో ఉంది. మా మామ్మ వాళ్ల పెద్దన్నయ్య బర్మా యుద్ధానికి వెళ్లి పోస్టులో పంపిన పద్దెనిమిది ఫోటోలు. ఫోటోలొచ్చాయి, ఆయన రాలేదు. ఒక్కదాని వెనకా అక్షరమ్ముక్క లేదు. పుప్పొడి ఆకారమే దాని పేరు చెబుతుంది, మనిషి ముఖానికి ఆ సదుపాయం లేదు. ఆయన్ని చూసి ఇంకా బతికున్నది కాకినాడలో మామ్మ ఒక్కతే. ఎనభై ఎనిమిదేళ్లు. ఒక కంటికి శుక్లం తీయించుకుంది, రెండోది ముట్టుకోనివ్వదు. అందుకని ఆదివారాలు ఫోన్లో ముఖం చూసుకుంటూ ఒక్కో ఫోటో అడుగుతున్నాం. అక్కడ మా తమ్ముడు వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో రాస్తున్నాడు (బాల్‌పెన్ను వద్దు, నొక్కులు ఇవతలికి తేలతాయి. మీ ఇళ్లలో అలాంటి డబ్బా ఉంటే గుర్తుంచుకోండి). ఇప్పటికి పదకొండయ్యాయి.

కిందటి వారం ముగ్గురు సిపాయిలున్న ఫోటో చూపించాం. చాలాసేపు చూసింది.

"ఈ చివరివాడేరా మా అన్నయ్య. ఆ చెవులు చూడు, మీ నాన్నవీ అవే."

"మరి ఆ ఇద్దరూ ఎవరు మామ్మా?"

"ఏమోరా. ఎవరి పిల్లలో పాపం."

తమ్ముడు పెన్సిల్ పట్టుకుని, ఆ ఇద్దరికీ ఏం రాయమంటారని మమ్మల్ని అడుగుతున్నాడు.