కల్లం కాపలాలో చదువుకునే పుస్తకాలు, పైసా ఖర్చు లేదు



ఎప్పుడూ తామరపురుగు, యార్డు రేటు, ఎరువు కట్టల గోలే రాస్తుంటాను కదా. ఈ పూట పుస్తకాల సంగతి చెబుతాను. "మనకెందుకయ్యా పుస్తకాలు" అని పైకి జరపకండి, కాస్త ఓపిక పట్టండి.

మిరప కల్లంలో పోసిన దగ్గర్నుంచి టిక్కీలకు ఎత్తేదాకా రాత్రి కాపలా మనకు తప్పదు. మంచమేసుకుని ఫోను చూస్తూ కూర్చుంటాం. ఎవరో ఎవర్నో తిట్టే వీడియోల్లోనే రోజూ డేటా అయిపోతుంది. అదే ఫోనులో పోతన ఉన్నాడు, గురజాడ ఉన్నాడు, ఉన్నవ లక్ష్మీనారాయణ ఉన్నాడు. రూపాయి కట్టక్కర్లేదు.

ఊరికే వచ్చేది దొంగసరుకేమో అని అనుమానం రావచ్చు. కాదు. మన దేశ చట్టం ప్రకారం, పుస్తకం రాసినాయన చనిపోయాక వచ్చే సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఆ పుస్తకం మీద హక్కు వారసులకో, కొనుక్కున్నవాళ్లకో ఉంటుంది. ఆ గడువు దాటితే అది ఊరుమ్మడి చెరువు. ఎవరైనా తాగొచ్చు. గురజాడ 1915లోనే పోయారు. ఉన్నవ వారు 1958లో పోయారు, కాబట్టి 2019 జనవరి నుంచి ఆయన రాసినవి అందరివీ. ఇప్పుడు రాస్తున్నవాళ్ల పుస్తకాలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం మాత్రం వేరు. అది పక్కవాడి చేలో కాయ కోసుకుపోవడమే. రేటు రాలేదని బాధపడే మనం ఇంకొకడి కష్టం ఊరికే తీసుకోకూడదు.

ఎక్కడ దొరుకుతాయంటే, ఒకటి తెలుగు వికీసోర్స్. టైపు చేయడం రాకపోతే ఫోనులో మైకు గుర్తు నొక్కి "తెలుగు వికీసోర్స్" అనండి చాలు. అక్కడ చాలా పుస్తకాలు అక్షరం అక్షరం టైపు చేసి పెట్టారు. డబ్బు కోసం కాదు, ఇష్టంతో చేసిన పని. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయినా ఇబ్బంది లేదు. రెండోది ఇంటర్నెట్ ఆర్కైవ్. అక్కడ పాత పుస్తకాల పేజీలు ఫొటో తీసినట్టు ఉంటాయి. బరువైన ఫైళ్లు, సిగ్నల్ బాగున్న చోట ముందే దించుకుని పెట్టుకోండి. మూడోది తెలుగు భాగవతం సైటు. పోతన పద్యాలన్నిటికీ కింద అర్థం, భావం ఇచ్చారు.

ఇప్పుడు ఏం చదవాలో నాకు తోచింది చెబుతా.

పోతనతో మొదలుపెట్టండి. బమ్మెర ఆయన ఊరు, జనగామ జిల్లాలో ఉంది. ఆయన నాగలి పట్టి బతికాడని, భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడని మన పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. గజేంద్ర మోక్షం పద్యాలు మన అమ్మమ్మలకు నోటికి వచ్చేవి. అర్థం తెలిసి చదివితే ఆ రుచే వేరు.

తర్వాత ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. దిగిన ఊరల్లా రాసుకుంటూ పోయాడు. దారి ఎట్లా ఉంది, నీళ్లు దొరుకుతాయా, అంగడి ఉందా లేదా. దాదాపు 200 ఏళ్ల నాడు మన ఊళ్లు ఎట్లా ఉండేవో చూసినాయన చెబుతుంటే వినడం అది. భాష కొంచెం పాతది, నాలుగు పేజీలు దాటితే అలవాటైపోతుంది.

నవ్వుకోవాలంటే కన్యాశుల్కం. 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చువేశారు, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి మళ్లీ రాశారు. డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలాళ్లకు కట్టబెట్టే రోజుల కథ. అందులో రామప్పపంతులు ఉంటాడు, వ్యాజ్యాలు పెట్టించి బతికే రకం. చదువుతుంటే మీ మండలంలో ఒకరిద్దరు గుర్తుకు రాకపోతే నన్నడగండి.

ఇక అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది మాలపల్లి. ఉన్నవ వారిది, 1922లో వచ్చింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన పుస్తకం. మన గుంటూరు సీమ కథే. భూమి ఉన్న చౌదరయ్య, పని చేసే సంగదాసు, కూలి గింజల్లో ఇవ్వాలా డబ్బుల్లో ఇవ్వాలా అన్న తగాదా.

మొన్నటి సీజనులో ఇది నేను ఒక్కడినే చదవలేదు. మా పక్క కల్లం అతను నా ఈడువాడే. వాళ్ల నాన్న మా తాత దగ్గర పాలేరు. ఇప్పుడు తను రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరపే వేస్తున్నాడు. రాత్రిళ్లు రెండు మంచాలూ దగ్గరకు లాక్కుని, నేను పైకి చదివేవాడిని, అతను వినేవాడు. కూలి తగాదా దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు.

"మీ తాత దగ్గర రెండు కుంచాలు ఉండేయంట, తెలుసా?" అన్నాడు. "పుచ్చుకునేదానికి ఒకటి, ఇచ్చేదానికి ఒకటి."

మా ఇంట్లో ఆ మాట గుసగుసగా విన్నదే. మొహం మీద అన్నవాళ్లు లేరు.

"మా నాన్న పోయిందాకా ఈ మాట మీ గడపలో అనలా" అన్నాడు.

నేనేం చెప్పను? తాత లేడు, వాళ్ల నాన్న లేడు, ఆ కుంచాలు ఏ అటక మీద పోయినయ్యో తెలియదు. కాసేపు ఇద్దరం ఊరకున్నాం. తర్వాత అతనే, "ఆపావే, చదువు" అన్నాడు.

నలభై ఏళ్లు ఎదురెదురుగా తిరిగినా మా మధ్య రాని మాట, వందేళ్ల నాటి పుస్తకం అడ్డం పెట్టుకుంటే వచ్చింది. పుస్తకం తగాదా తీర్చిందని నేననను. మాట బయటపడింది, అంతే. అది కూడా చిన్న సంగతి కాదు.

ఒకటి మాత్రం మారింది. కోతలకు కిలో లెక్కన ఇస్తాం కదా, కాటా అంకెలు ఇప్పుడు కోసేవాళ్ల వైపు తిప్పి పెడుతున్నా. నా కాటా ఎప్పుడూ సరిగ్గానే తూచింది. అయినా అంకె వాళ్ల కళ్లకు కనపడితే రెండు కుంచాల మాట ఇంకో తరానికి పాకదు. మేస్త్రి మొదట నవ్వాడు, రెండో రోజుకు ఆడవాళ్లే అంకె చదివి పైకి చెప్పడం మొదలుపెట్టారు.

ఆ పక్క కల్లం అతను ఇప్పుడు తనే ఫోనులో దించుకుని నాకంటే ముందుకు వెళ్లిపోయాడు. కథ ముందే చెప్పొద్దని నేను బతిమాలుకోవాల్సి వస్తోంది.

చివరగా ఒక్క మాట. మొదటి పేజీలోనే కష్టంగా ఉందని వదిలేయకండి. పాత అచ్చులో అరసున్నలు కనిపిస్తాయి, వాటిని దాటేసి చదవండి, అర్థానికి లోటు రాదు. రోజుకు పది పేజీలు చాలు. ఇంకొకటి, వీలైతే పైకి చదవండి. మన ఊళ్లలో చదువు రాని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు వింటే మనకు తెలియని సంగతులు నాలుగు వాళ్లే చెబుతారు. అవి ఏ సైటులోనూ దొరకవు.