ఊరకే పోయే నీళ్ళు

మొన్న కర్నూలు నుంచి వచ్చిన చుట్టాలను ఇక్కడ అమెరికాలో పేజ్ అనే ఊరికి తీసుకెళ్ళాను. గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఎదుట వంతెన మీద నిలబడి, వరసకు తమ్ముడయ్యే అబ్బాయి కింద కొలరాడో నదిని చూసి, "అన్నా, ఇన్ని నీళ్ళు ఊరకే పోతాండాయి. వీళ్ళు ఇంకో డ్యామ్ కట్టుకోకూడదా?" అన్నాడు. ఆ మాట నన్నింకా వదల్లేదు. మా ఊరి అరుగుల మీదా, ఇక్కడి తెలుగు పెళ్ళిళ్ళలోనూ ఎన్నోసార్లు విన్న మాటే. పారే నదిని చూస్తే చాలు, పనీపాటా లేని కుర్రాణ్ణి చూసినట్టు చూస్తాం.

అవి ఊరకే పోవడం లేదు. డ్యామ్‌కు పదిహేను మైళ్ళ దిగువన, లీస్ ఫెర్రీలో రబ్బరు తెప్ప ఎక్కితే తెలుస్తుంది. నెత్తిన ఎండ నిప్పులు చెరుగుతుంటే నీళ్ళలో పెట్టిన వేళ్ళు కొంకర్లు పోతాయి. జలాశయం లోతుల్లోంచి వదిలే నీళ్ళవి. రాత్రి ఒడ్డున కట్టేసిన పడవ తెల్లారేసరికి ఇసుక మీద ఉంటుంది. ఊళ్ళలో కరెంటు వాడకాన్ని బట్టి టర్బైన్లకు నీళ్ళు పెంచుతారు, తగ్గిస్తారు. ఎడారి నదికి ఆటుపోట్లు! అయినా లావా ఫాల్స్ దగ్గరికి వచ్చేసరికి ఆ నది ఎవరి మాటా వినదు. కనిపించక ముందే హోరు వినిపిస్తుంది. తెప్ప ముక్కు పైకి లేస్తుంది, గైడ్ "వెయ్యండి, వెయ్యండి" అని అరుస్తుంటాడు, చేతిలో తెడ్డు తప్ప లోకంలో ఇంకేదీ గుర్తుండదు. పక్క లోయలోంచి వరద తెచ్చిపడేసే బండలే ఇలాంటి ఉరవడిని, అంటే ర్యాపిడ్‌ను పుట్టిస్తాయి. 1966 డిసెంబరులో వచ్చిన అలాంటి వరదే క్రిస్టల్ ర్యాపిడ్‌ను ఇంత భయంకరం చేసింది. ఇంత పని చేసే నీటిని ఊరకే పోతోందంటే నాకు ఒళ్ళు మండుతుంది.

లీస్ ఫెర్రీ నుంచి దాదాపు ముప్ఫై తొమ్మిదో మైలు దగ్గర కొండ గోడల్లో చీకటి రంధ్రాలు కనిపిస్తాయి. మార్బుల్ కాన్యన్ డ్యామ్ కోసం తవ్విన పరీక్ష సొరంగాలవి. అక్కడ కరెంటు అమ్మి వేరే ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చాలన్నది ఆలోచన. 1966లో సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంఘం పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేసి జనాన్ని లేపింది. అందుకు పన్ను మినహాయింపు పోగొట్టుకుంది, వెనక్కి తగ్గలేదు. 1968 చట్టంతో ఆ డ్యామ్ ఆగింది. ఈ నదిలో పడవలు నడిపిన మార్టిన్ లిటన్ అయితే మనుషులు పాడుచేసిన చోట్ల పేర్లనే తన చెక్క పడవలకు పెట్టుకున్నాడు. వీళ్ళకు చేతులెత్తి దండం పెడతాను.

కానీ తెప్పలో తోటి అమెరికన్ ఒకాయన, డ్యామ్ అంటేనే పాపం అన్నప్పుడు ఊరుకోలేకపోయాను. శ్రీశైలం నీళ్ళు రాకపోతే మా సీమలో ఎన్ని పొలాలు బీళ్ళయ్యేవో ఆయనకేం తెలుసు? అలాగని అమ్మమ్మను మర్చిపోగలనా? ఆమెది ముంపు ఊరు. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గి సంగమేశ్వరం బయటపడితే, వేపమొద్దు శివుడికి మొక్కుకుని, ఎండిన బురద వైపు చెయ్యి చూపించి, "ఆడే మన కొట్టముండేది నాయనా" అనేది. ఇక్కడ గ్లెన్ కాన్యన్ డ్యామ్ వెనక పవెల్ జలాశయం తగ్గిపోయి, కాటరాక్ట్ కాన్యన్‌లో మునిగిన ర్యాపిడ్లు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయని చదివినప్పుడు ఆమే గుర్తొచ్చింది. ర్యాపిడ్లు తిరిగొచ్చాయి. అమ్మమ్మ ఊరు రాలేదు.

ఈ మధ్యటి గొడవ కొలరాడోలో కలిసే లిటిల్ కొలరాడో నదిది. ఆ నది దగ్గర, నవాజో తెగ నేల మీద, బిగ్ కాన్యన్‌లో డ్యామ్‌లు కట్టి, భూగర్భ జలం తోడి నింపి, కరెంటు తీస్తామని 2020లో ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఆ నది హోపీ తెగకూ పవిత్రం. హంప్‌బ్యాక్ చబ్ అనే అరుదైన చేప గుడ్లు పెట్టే నీళ్ళవి. నవాజో ప్రభుత్వం వద్దంది. 2024 ఏప్రిల్‌లో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ దరఖాస్తును తోసిపుచ్చింది. నేల ఎవరిదో వాళ్ళ మాట చెల్లింది. మా అమ్మమ్మను ఎవరూ అడగలేదు.

ఏడు రాష్ట్రాలూ మెక్సికో పంచుకున్నాక కొలరాడో మామూలు ఏడాదిలో సముద్రానికే చేరదు. ఇంకా ఊరకే పోయే నీళ్ళెక్కడివి? ఇక లిటిల్ కొలరాడో మీద కమిషన్ నిర్ణయం చట్టం కాదు, రేపు వచ్చేవాళ్ళు మార్చవచ్చు. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్ళారా, మీ కాంగ్రెస్ సభ్యుడికి ఒక్క ఉత్తరం రాయండి, లిటిల్ కొలరాడోకు శాశ్వత రక్షణ ఇమ్మని.